రైలు గేటు నుంచి అంగ్‌కోర్ దాకా

మానుకోట,
9-10-2011.

దేశం కాని దేశంలో గరిటె తిప్పుతున్న తమ్ముడు వీరేందర్‌కు, అక్క శోభ రామ్‌రామ్ చెప్పి రాసేది. ఇక్కడ బాపు, నీ భార్య సుమన, మీ బావ, నేను అందరమూ క్షేమం. బస్సులు, బడులు, బొగ్గుబాయిలు మాత్రం బంద్. అక్కడ నువ్వూ క్షేమమేనని నమ్ముతున్నాను. మొన్న ఫోనులో నన్ను మందలించడానికి నీకు ఊపిరి బాగానే ఆడింది మరి.

ఫోను ఉండగా ఉత్తరం ఎందుకంటావేమో. ఫోనులో నేను ఒక మాట అనేలోపు నువ్వు నాలుగు అందుకుంటావు. కాగితం మీద నన్ను ఆపేవాడు లేడు. మన ఇంటి భాషలో మాట్లాడుకోవడమే కాని రాసుకోవడానికి అక్షరాలు లేవు కాబట్టి బడిలో నేర్చిన తెలుగులోనే రాస్తున్నాను. అంగన్‌వాడీ రిపోర్టులు రాసీ రాసీ నా తెలుగు కూడా సర్కారు తెలుగైపోయిందని మీ బావ నవ్వుతుంటాడు. నవ్వనీ. సమ్మెలో ఉన్న పంతులుకు నవ్వడం తప్ప ఇంకేం పనుంది?

ముందు ప్రయాణం సంగతి. ఫిబ్రవరి అనుకున్నాం కదా, ఫిబ్రవరే. బాపు, సుమన, నేను, ముగ్గురం వస్తాం. సమ్మె ముగిశాక సెలవు రోజుల్లో కూడా బడి నడపాల్సి వస్తుందని మీ బావ రానన్నాడు. మా పిల్లలకు పరీక్షలు. పాస్‌పోర్టులకు ఆగస్టులోనే దరఖాస్తు పెట్టాం. ఇంకా రాలేదు. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, అప్పుడే బాపు జొన్నపిండి మూట కట్టించాడు. అక్కడ జొన్నరొట్టె దొరకదని నువ్వే నోరు జారావట.

బాపు పోయిన నెలలోనే ఘనపురం పక్కన మన తండా నుంచి బయలుదేరి వచ్చేశాడు. బస్సుల్లేవు, బొగ్గు లారీలూ లేవు. కొంత దూరం ట్రాక్టరు, కొంత ఆటో, మిగిలింది నడక. సమ్మె అయ్యాక రావచ్చు కదా అంటే, 'బస్సులు బంద్ అయితే నా కాళ్లు గూడ బంద్ అయినయా' అన్నాడు. కాళ్లు ఆ మాట విన్నట్టున్నాయి, వచ్చిన మర్నాటికే మోకాలు వాచి మంచమెక్కాడు. ఇప్పుడు నయం.

నువ్వు పంపిన ఫోటో, అదే, రాతిగోడ మీద చెట్టు ఎక్కి కూర్చుని వేళ్లు కిందికి దింపిందే, దాన్ని దిండు కింద పెట్టుకుని పడుకుంటున్నాడు. వయసులో ఉన్నప్పుడు ఘనపురం కోటగుళ్లలో కూలికి పోయి రాళ్ల సందుల్లో మొలిచిన రావి మొక్కలు పీకిన మనిషి కదా. ఎవరొచ్చినా ఫోటో చూపించి, 'మనకాడ చెట్టు గుడిని గూలగొట్టింది, ఆడ చెట్టే గుడిని పట్టుకోని నిలబెట్టిందట, గదెట్లనో నా కండ్లతోని సూడాలె' అంటాడు. మనను కన్న యాడి పోయిన తర్వాత బాపు ఏదైనా కావాలని అడగడం ఇదే మొదలు.

స్టేషన్ దగ్గరి కుతుబుద్దీన్ భాయ్ దుకాణంలో ఫారాలు నింపించాం. హజ్, ఉమ్రా, దుబాయ్, మస్కట్ అని ఇంత పెద్ద బోర్డు. కంబోడియా అంటే మొదట ఆయనకు అర్థం కాలేదు. 'మక్కాకు తోలిచ్చిన, మస్కట్‌కు తోలిచ్చిన, గిదేం ముల్కో ఇప్పుడే ఇంటున్న అక్కా, ఆడ పని మంచిగుంటదా' అని అడిగాడు. పనికి కాదు భాయ్, పాతకాలం గుళ్లు చూడటానికి అన్నాను. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకుని, ఇన్నేళ్లలో చూసి రావడానికని విమానమెక్కే మనిషి తన దుకాణానికి రాలేదన్నాడు. ఆ మాట నన్ను పట్టుకుంది తమ్ముడూ. మనవాళ్లు ఊరు దాటినా దేశం దాటినా కూలికే దాటారు. పూణె పోయినా, దుబాయ్ పోయినా, నువ్వు ఆ సియెం రీప్‌లో పొయ్యి ముందు నిలబడినా అంతే. ఒక్కసారి కళ్ల కోసం దాటుదాం. లంబాడోళ్లకు గుళ్లు చూసే షోకేందని ఎవరైనా అంటే అననీ.

ఇక నువ్వు ఫోనులో కేకలేసిన పట్టాల సంగతి. మీ బావ చెప్పింది సగం విని కోప్పడ్డావు. మొత్తం విను.

పోయిన నెల రైల్‌రోకోకు పిలుపు వచ్చింది. మా వీధి ఆడవాళ్లు స్టేషన్‌కు పోయే దారిలో రైలు గేటు దగ్గర వంటావార్పు పెట్టారు. నువ్వు వెళ్లాక పుట్టిన పద్ధతి ఇది. రోడ్డు మీదనో పట్టాల మీదనో రాళ్లు పేర్చి పొయ్యి పెట్టడం, అక్కడే వండి, అక్కడే బంతి వేసి తినడం. కట్టె పట్టుకున్న మనిషిని కొట్టడం పోలీసుకు అలవాటే, గంటె పట్టుకున్న మనిషిని ఏం చేయాలో అతనికి ఎవరూ నేర్పలేదు. కుతుబుద్దీన్ భాయ్ భార్య మున్నవర్ బేగం బగారా అన్నం దించేసరికి గార్ల దాటి వచ్చిన గూడ్సు బండి కూత పెట్టి పెట్టి ఆగిపోయింది. డ్రైవరుకు కూడా ఒక విస్తరి అందించారట.

పోలీసులు వచ్చి పేర్లు రాసుకోవడం మొదలుపెట్టారు. మొదటామె తన పేరు తెలంగాణ అంది. రెండో ఆమెదీ తెలంగాణే. మూడో ఆమె కూడా అదే అనేసరికి కానిస్టేబుల్‌కు ఒళ్లు మండి, 'సరే, మీ మొగుళ్ల పేర్లు చెప్పుండ్రి, ఇంటికొచ్చే పట్టుకుంటం' అన్నాడు. అక్కడే చిక్కుపడ్డాడు పాపం. కట్టుకున్నవాడి పేరు పెదవి మీదికి తేవడం మన తండాలో లేదు, మా వీధిలో ఏ కులానికీ లేదు. మున్నవర్ బేగం సైతం 'మా ఇంట్లవాళ్లు' అంటుందే తప్ప కుతుబుద్దీన్ అనదు. లాఠీని చూసి బెదరని ఆడవాళ్లంతా మొగుడి పేరు అడిగితే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టారు.

చివరికి మా ఎదురింటి మంగమ్మ ముందుకొచ్చింది. తన పెనిమిటి పేరు చెప్పదు గాని వీధిలో అందరి మొగుళ్ల పేర్లూ చెబుతుంది. వేలు చూపిస్తూ, ఈమె ఫలానా ఆయన ఇంటామె, ఆమె ఫలానా సారింటామె అని వరసగా రాయించింది. మంగమ్మ వంతు వచ్చేసరికి పక్కామె అందుకుంది. మంగమ్మ పెనిమిటి పోయి పదేళ్లు దాటింది. ఆయన పేరు కూడా కేసులోకి ఎక్కింది.

నువ్వు నవ్వకు. నేను మాత్రం తక్కువా? మీ బావ పేరు నోటితో అనను గాని కాగితం మీద హరిలాల్, హరిలాల్ అని ఎన్నిసార్లైనా రాస్తాను. ఆన నోటికే గాని చేతికి లేదు కదా.

నాలుగు రోజులయ్యాక ఒక కానిస్టేబుల్ కాగితం పట్టుకుని మన ఇంటికి వచ్చాడు. 'హరిలాల్ భార్య ఎవరు' అన్నాడు. నేనే అన్నాను. పేరడిగి, శోభ అని రాసుకుని పోయాడు. రైలు ఆపిన కేసు. జరిగింది ఇంతే. దీనికి నువ్వు 'యాభైకి దగ్గరపడ్డవు, నీకెందుకక్కా గివన్ని' అన్నావు. యాభైకి దగ్గరపడ్డ దాన్ని కాబట్టే. ఇంకెప్పుడు అడగమంటావు, పాడె మీద పడుకునా?

సుమనను మాత్రం గడప దాటనివ్వద్దని మరీ మరీ చెప్పావు. సుమన కోడిపిల్ల కాదు, గంప కింద మూసి పెట్టడానికి. బీఈడీ చదివిన పిల్ల. అయినా నీ మాట ఆమెకు చెప్పాను. వింది. తల ఊపింది.

ఉంటాను. నూనె దగ్గర జాగ్రత్త.

కేసులో ఇరుక్కున్నా కూరలో ఉప్పు మరిచిపోని నీ అక్క,
శోభ


మానుకోట,
4-12-2011.

తమ్ముడు వీరేందర్‌కు, నీ కోపం చల్లారి ఉంటుందన్న ఆశతో అక్క శోభ రాసేది. చల్లారకపోతే ఉత్తరం పక్కన పెట్టి, నీ హోటలు పని ముగిశాక చదువు. ఇక్కడ సమ్మె విరమించారు, బస్సులు తిరుగుతున్నాయి. మీ బావ ఆదివారం కూడా బడికి పోతున్నాడు. ఉద్యమం ఆగింది అనుకునేవాళ్లు అనుకోవచ్చు. నిప్పు మీద బూడిద కప్పితే పొయ్యి ఆరినట్టేనా?

బాపు పాస్‌పోర్టు వచ్చింది. సుమనదీ వచ్చింది. బాపు తన ఫోటో చూసుకుని, 'గీ ముసలోడెవడు' అని అడిగాడు. ఆయన సొంత ఫోటో తీయించుకోవడం అదే మొదటిసారి. నాది రాలేదు. నాకు వచ్చింది ఠాణా నుంచి పిలుపు.

పోయాను. పెద్ద సారు చెడ్డవాడేం కాదు. కుర్చీ వేయించి, మంచినీళ్లు తెప్పించాడు. కేసు ఉన్న మనిషికి పాస్‌పోర్టు రిపోర్టు మంచిగా పంపడం కుదరదని చెప్పి, గొంతు తగ్గించి దారి చూపించాడు. 'నలుగురు పిలిస్తే తెల్వక పోయిన, తప్పయింది, ఇంకోసారి పోను అని రెండు ముక్కలు రాసియ్యమ్మా. నేను మీదికి మాట్లాడి నీ పేరు తీపిస్త' అన్నాడు. నాకు మేలు చేస్తున్నాననే అతను అనుకున్నాడు. అలా అనుకునేవాళ్లతోనే అసలు కష్టం.

కలం ఇవ్వమన్నాను. రాశాను. రైలు ఆపిన ఆడవాళ్లు తెలియక ఆపలేదు, తెలిసే ఆపారు, ఎవరూ పిలవకపోయినా ఆపేవాళ్లు, రాష్ట్రం వచ్చేదాకా మళ్లీ ఆపుతారు అని రాసి, కింద సంతకం పెట్టి ఇచ్చాను. చదివి, మడిచి, నా చేతికే తిరిగిచ్చాడు. 'నీకు ఆ దేశం పోవాలని లేదా అమ్మా' అని అడిగాడు. 'ఎందుకు లేదు సారూ, శానా ఉన్నది. గని ఆ గుడి దర్వాజ పెద్దగనే ఉన్నదట. నేను వంగకుంటనే పడుత' అన్నాను. పక్కనున్న కానిస్టేబుల్ నవ్వు ఆపుకోలేక బయటికి పోయాడు.

ఇది విని నువ్వు ఫోనులో ఏమన్నావో నాకు గుర్తుంది. 'గుడికి పోయేటప్పుడు చెప్పులు ఇడుస్తం గదక్కా, గిది గూడ అట్లనే అనుకో' అన్నావు. బాగా అన్నావు. కాని చెప్పులు విడిస్తే బయటికొచ్చాక మళ్లీ తొడుక్కోవచ్చు. మాట విడిస్తే మళ్లీ దొరకదు, ఎవరో వేసుకుపోతారు.

రెండేళ్లుగా సెలవు కోసం, మా రాక కోసం ఎంత తాపత్రయపడ్డావో నాకు తెలియదనుకోకు. నీ గదిలో కొత్త దుప్పట్లు కొన్నావని, గుళ్ల దగ్గర టుక్‌టుక్ నడిపే మనిషిని మాట్లాడి పెట్టావని బాపు చెప్పాడు. నా వల్ల అది చెడుతోందని నీకు ఏడుపొచ్చింది. ఫోను పెట్టేసింది అందుకేనని నాకు అర్థమైంది. నాకూ ఏడుపొచ్చింది. ఏడ్చాను కూడా. ఏడ్చినంత మాత్రాన సంతకం పెట్టాలని ఎక్కడా లేదు.

పట్టాల మీద కూర్చుంటే మీకేమొచ్చిందని అడిగావు. సుమన సంగతి ఒకటి చెబుతాను, నీకు చెప్పి ఉండదు. నువ్వు వెళ్లిన ఏడాది టీచరు పరీక్ష కోచింగుకని కోస్తాలో ఒక పట్నానికి పంపాం కదా. అక్కడి హాస్టల్లో పిల్లలు రోజూ అన్నం దగ్గర ఆమెతో ఏదో ఒకటి మాట్లాడించేవాళ్లట. 'ఏంది', 'గట్ల', 'ఎట్ల' అనగానే విరగబడి నవ్వడం. సినిమాలో పనిమనిషిలా మాట్లాడుతున్నావు, ఇంకోసారి అను అనడం. ఇంట్లో మన భాష, బడిలో పుస్తకం తెలుగు, బజార్లో ఈ తెలుగు, మూడూ నేర్చిన పిల్ల తను. ఒక్కటే వచ్చినవాళ్లు తనను చూసి నవ్వారు. ఆఖరికి కోచింగు సారు కూడా క్లాసులో ఆమెను లేపి ఒక పాఠం చదివించి నవ్వించాడు. ఆ రోజే పెట్టె సర్దుకుని వచ్చేసింది. జ్వరమని నీకు చెప్పింది. వచ్చాక ఎన్నో రోజులు ఇంట్లో కూడా గొంతెత్తలేదు. ఇప్పుడు ఊరంతా అదే మాటతో పాడుతోంది, అదే మాటతో తిడుతోంది, అదే మాటతో మైకులో మాట్లాడుతోంది. మాకేమొచ్చిందని అడుగుతున్నావా? గొంతు వచ్చింది.

నా మాట వినవని బాపుతో చెప్పిస్తే నేను దిగొస్తానని అనుకున్నావు. చెప్పించావు కూడా. బాపు నీ ఫోను మొత్తం ఓపికగా విని పెట్టేశాడు. తర్వాత నన్ను పిలిచి, 'పట్టాల మీద కూసున్న మనిషికి తప్పు జేసిననన్న బాధ ఏమన్న ఉన్నదా' అని అడిగాడు. వంటింట్లోంచి సుమన లేదంది. నేనూ లేదన్నాను. 'లేనిదాన్ని ఉన్నట్టు రాసుడెందుకు మరి' అన్నాడు.

మన తండాలో నాయక్ ముందు తప్పు ఒప్పుకున్న మనిషి తల మీది రుమాలు తీసి నేల మీద పెట్టాలి కదా. బాపు వయసులో ఉండగా ఒకసారి పెట్టాడు, పొరుగువాడి చేను మేపిన తప్పుకు. ఇంకోసారి పెట్టమన్నా పెట్టలేదు, ఎందుకంటే ఆ తప్పు తాను చేయలేదు. ఏడాది పాటు ఎవరూ పెళ్లికి పిలవకపోయినా పెట్టలేదు. అదంతా నాకు మళ్లీ చెప్పి, 'పుల్లంత యేరే గదా అని పీకితే గోడకు గోడ గూలింది నేను సూసిన బిడ్డా. చిన్నదని జూడకు, అది దేన్ని పట్టుకున్నదో సూడు' అన్నాడు. ఇక నువ్వు ఎవరితో చెప్పిస్తావో చెప్పించు.

కాబట్టి తీర్మానం ఇది. బాపు, సుమన వస్తారు. నేను రాను. ప్రయాణం ఆగదు, ఆపొద్దు. ఆపితే వాళ్లు గెలిచినట్టు. ఉరిమి ఉరిమి మంగలం మీద పడ్డట్టు నీ కోపం సుమన మీద చూపించకు. ఆమె వారం రోజులుగా నాతోనే సరిగా మాట్లాడటం లేదు. అది వేరే కోపం, నీ కోపం లాంటిది కాదు. అది మా ఇద్దరి మధ్య ఉండనీ.

తాటాకు చప్పుళ్లకు బెదరని నీ అక్క,
శోభ


మానుకోట,
11-2-2012.

మా అందరి కోసం కొత్త దుప్పట్లు పరిచి దారి చూస్తున్న తమ్ముడు వీరేందర్‌కు, గడపలోనే నిలబడి అక్క శోభ రాసేది. ఈ ఉత్తరం పోస్టులో వేయడం లేదు. సుమన సంచిలో పెట్టాను. నువ్వు దీన్ని విప్పేసరికి వాళ్లిద్దరూ నీ ముందుంటారు. బాపును ముందు పడుకోబెట్టు, తర్వాత చదువు.

కుతుబుద్దీన్ భాయ్ టికెట్లు తెచ్చి ఇంటికే వచ్చి ఇచ్చాడు. బ్యాంకాక్‌లో ఎక్కడ దిగాలో, ఎక్కడ ఎక్కాలో సుమనకు పాఠం చెప్పినట్టు చెప్పాడు. తన బోర్డు మీద దుబాయ్ కింద కంబోడియా అని కొత్తగా రాయించాడు. రేపు పొద్దున రైలు. జనగామలో బండి ఆగినప్పుడు సుమన వాళ్లమ్మ ప్లాట్‌ఫారం మీదికి వచ్చి నీ కోసం అల్లం పచ్చడి, కారప్పూస ఇస్తానంది. ఎన్ని డబ్బాలు ఉన్నాయో చూసుకో, దారిలో బాపు మూత తీయకుండా ఉండడు.

మానుకోట స్టేషన్‌కు పోవాలంటే ఆ గేటు మీదుగానే పోవాలి. వీధి ఆడవాళ్లంతా సాగనంపడానికి వస్తామన్నారు. మంగమ్మ అయితే, 'ఆనాడు బండిని ఆపినం, రేపు బండి ఎక్కిస్తం' అని రెండు రోజుల నుంచి అంటూనే ఉంది.

ఇక నీకు చెప్పాల్సినవి. బాపును ఒక్క రోజులో అన్ని గుళ్లూ తిప్పకు. ముందు ఆ చెట్టు ఉన్న గుడికి తీసుకుపో. ఆ వేరును చేత్తో పట్టుకోవాలని ఉంది ఆయనకు. కాపలావాళ్లు ముట్టుకోనివ్వకపోతే ఊరుకుంటాడు, దగ్గర కూర్చోనిస్తే చాలు. ఎంతసేపు కూర్చుంటే అంతసేపు కూర్చోనీ. అది చూశాక పెద్ద గుడి. మెట్లు నిటారుగా ఉంటాయన్నావు, మోకాలు జాగ్రత్త. దేవుడి గది దాకా పోలేకపోయినా ఆయనేం అనుకోడు. కోటగుళ్లలో గోడల పక్కనే సద్ది తిని పెరిగిన మనిషి, ఆయనకు గోడలే దేవుళ్లు.

సుమనతో మాట్లాడు. నేను రాలేదని మూతి ముడుచుకుని, ఆ రోజులన్నీ పాడు చేయకు. మూడేళ్ల తర్వాత ఆమె ముఖం చూస్తున్నావు. ఆమె మాట్లాడేది పూర్తిగా విను, మధ్యలో అందుకోకు. ఇది అక్క హుకుం.

నా కోసం జాలిపడకు. అంతకంటే నాకు కోపం తెప్పించేది లేదు. మొన్న ఠాణాకు మళ్లీ పిలిచారు, మళ్లీ అదే కాగితం పెట్టారు. మళ్లీ అదే జవాబిచ్చాను. ఈసారి మంచినీళ్లు ఇవ్వలేదు. అంగన్‌వాడీ పని కూడా పోవచ్చని పైవాళ్లు ఒక మాట వినిపించారు. వాళ్లు చూసుకోవాల్సింది వాళ్లు చూసుకుంటారు, నేను నిలబడాల్సిన చోట నేను నిలబడతాను. అంగ్‌కోర్ గుడి ఎన్ని వందల ఏళ్లు ఎన్ని యుద్ధాలు చూసి నిలబడిందో నువ్వే చెప్పావు. నా కోసం ఇంకో రెండేళ్లు నిలబడలేదా? వస్తాను. చిరునామాలో తెలంగాణ అని అచ్చు వేసిన పాస్‌పోర్టు పట్టుకుని వస్తాను. అప్పుడు నువ్వు ఆ హోటల్లోనే ఉంటే సరేసరి, లేకపోతే దారి అడుక్కుంటూ నేనే పోతాను.

ఒక్కటి మాత్రం చెయ్యి. గుడి ముందు ఫోటో దిగేటప్పుడు బాపుకూ సుమనకూ మధ్య నాకింత చోటు వదలండి.

వంగకుండానే ఆ దర్వాజ దాటబోయే నీ అక్క,
శోభ

తాజాకలం: బాపు పడుకుంటే ఇప్పుడు ఇది చదువు. విమానం ఎక్కడానికి సుమన నాకు ఒక షరతు పెట్టింది. 'నిజం మీరు రాసియ్యకుంటే జనగామల దిగిపోత వదినా' అంది. దిగిపోయే పిల్లే. అందుకని రాస్తున్నాను.

ఆ రోజు పట్టాల మీద కూర్చున్నది నేను కాదు. సుమన. నేను ఇంట్లో బాపు మోకాలికి కాపడం పెడుతూ ఉన్నాను. అందుకే బాపుకు మొదటి నుంచీ తెలుసు. కానిస్టేబుల్ మొగుడి పేరడిగినప్పుడు నీ భార్య కూడా అందరిలాగే కొంగు అడ్డం పెట్టుకుంది. మంగమ్మకేమో నీ పేరు తెలియదు. నువ్వు పెళ్లయిన ఏడాదికే వెళ్లిపోయావు, మా వీధి నిన్ను చూడనే లేదు. ఈ పిల్ల హరిలాల్ సారింట్లో ఉంటుందని మాత్రం తెలుసు. అందుకని 'హరిలాల్ సారింటామె' అని రాయించింది. పోలీసు దాన్ని భార్య చేశాడు.

అతను మన గడపలోకి వచ్చి హరిలాల్ భార్య ఎవరని అడిగినప్పుడు, సుమన చేతుల పిండి కూడా కడుక్కోకుండా లోపలి నుంచి ఉరికొచ్చింది. నేను తలుపుకు అడ్డంగా నిలబడి నేనే అన్నాను. హరిలాల్ భార్యను నేను కాక ఇంకెవరు? నాకు ఠాణా నుంచి పిలుపు వచ్చాక ఆమె తనే పోయి చెబుతానంది. బాపు మీద ఆన పెట్టి ఆపాను. వారం రోజులు నాతో మాట్లాడనిది అందుకే. నేను ఇంట్లోనే ఉన్నానని ఒక్క మాట చెబితే నా పేరు ఆ రోజే పోయేది, ఆమె పేరు ఎక్కేది, నువ్వు కొన్న దుప్పట్ల మీద బాపు, నేను పడుకునేవాళ్లం, ఆమె ఇక్కడే మిగిలిపోయేది.

ఇప్పుడు సంతకం సంగతి ఆలోచించు. నా రుమాలైతే నీ మీద ప్రేమకొద్దీ దించుదునేమో, చెప్పలేను. ఆమె రుమాలును నేనెట్లా దించుతాను? ఆమె అంత ధైర్యం చేసి కూర్చుంటే, నేను కుర్చీలో కూర్చుని తప్పయిందని రాసివ్వనా?

నువ్వు వద్దన్నావు, ఆమె పోయింది. ఎందుకు పోయిందో ఆమెనే అడుగు, నోరారా చెబుతుంది. నీ పేరు మాత్రం ఇప్పటికీ పలకదు. ఆ రోజు పలికి ఉంటే ఇవాళ నీ ఎదురుగా ఉండేది కాదు. నువ్వు ఇది చదువుతున్నంతసేపూ నీ ముఖమే చూస్తూ నిలబడి ఉంటుంది, నాకు తెలుసు. కాగితం పక్కన పెట్టు. ఆమెను కూర్చోమను.